మొదటి బంగారు నాణెంగా స్టార్ పగోడాయే ఎందుకు?

రాగి నాణేలతో మొదలుపెట్టి వెండి రూపాయల మీద కొన్నేళ్ళు గడిపిన సేకర్తకు ఏదో ఒక దశలో బంగారం మీదికి మనసు మళ్ళడం సహజం. చెన్నైలో స్థిరపడిన తెలుగువారి మధ్య ఆ మాట పైకి అన్నారంటే రెండు సలహాలు వెంటనే వస్తాయి. డబ్బు లెక్క తెలిసినవారు సావరిన్ అనే ఇంగ్లీషు బంగారు నాణెం కొనుక్కోమంటారు, దానికి ఎప్పుడూ నష్టం ఉండదంటారు. చరిత్ర మీద మమకారం ఉన్నవారు కొంటే కృష్ణదేవరాయల వరహాయే కొనాలంటారు. ఈ రెండు నాణేల గొప్పతనం గురించి నాకు పేచీ లేదు. కానీ మొదటి కొనుగోలుకు రెండూ తగినవి కావనీ, ఆ స్థానం ఈ ఊళ్ళోనే తయారై, చూడడానికి ఏమంత అందంగా ఉండని ఈస్టిండియా కంపెనీ వారి స్టార్ పగోడాకు (వరహానే ఇంగ్లీషువారు పగోడా అన్నారు) దక్కాలనీ నా వాదన. నేను కొన్నది కూడా అదే గనుక ఈ వాదనలో కొంత స్వపక్షాభిమానం ఉందని పాఠకులు అనుకుంటే కాదనను. అయితే కొన్న తర్వాత అల్లుకున్న సమర్థన మాత్రం ఇది కాదు.

నా లెక్కలో మొదటి బంగారు నాణెం ఒక చదువు. ఆ తర్వాత కొనబోయే ప్రతి బంగారు నాణెం ముందూ కూర్చుని, ఇది అసలైనదా, దీనికి ఈ ధర న్యాయమా అని నిర్ణయించుకునే శక్తి సేకర్తకు ఆ మొదటి కొనుగోలు నుంచే రావాలి. అందుకు ఆ నాణెంలో కొన్ని గుణాలు ఉండాలి. దాని ధర పూర్తిగా బంగారం ధర మీద ఆధారపడకూడదు, పూర్తిగా దాని అపురూపత మీదా ఆధారపడకూడదు. అదే రకం నాణేలు పదీ పన్నెండూ ఒకే పళ్ళెంలో పోసి పోల్చి చూసే అవకాశం దొరకాలి. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షలకు అది లొంగాలి.

ముందుగా సావరిన్ సంగతి. బరువు 7.988 గ్రాములు, నాణ్యత 22 క్యారెట్లు, అందులో మేలిమి బంగారం సుమారు 7.32 గ్రాములు. 1817లో లండన్ టంకశాల దీన్ని కొత్త రూపంలో విడుదల చేసినప్పుడు బెనెడెట్టో పిస్ట్రూచీ చెక్కిన సెయింట్ జార్జి బొమ్మ, గుర్రం మీద నుంచి సర్పాన్ని వధిస్తున్న ఆ వీరుడి బొమ్మ, నేటికీ దాని మీద కొనసాగుతోంది. 1918లో బొంబాయి టంకశాల కూడా వీటిని ముద్రించింది. ఆ ఏటి నాణెం మీద ఐ అనే చిన్న ఆంగ్లాక్షరం ఉంటుంది. మన ఇళ్ళలో ఈ నాణేనికి ఉన్న చనువు మరే విదేశీ నాణేనికీ లేదు. టి. నగర్ ఉస్మాన్ రోడ్డులో ఏ నగల దుకాణంలోకి వెళ్ళినా ధరల పలక మీద సవరన్ అంటే ఎనిమిది గ్రాములనే లెక్క కనిపిస్తుంది. నెల్లూరు వైపు మా బంధువుల ఇళ్ళలో కాసు అన్నా అదే ఎనిమిది గ్రాములు. కాసులపేరు చేయించుకోవడానికి అసలు సావరిన్లనే వాడిన కుటుంబాలు ఒకప్పుడు తక్కువేమీ కాదు.

ఆ చనువే సేకర్తకు ఆటంకమవుతుంది. ఎక్కువగా దొరికే సంవత్సరాల సావరిన్ ధర ఆనాటి బంగారం ధరను అనుసరించే పోతుంది. విక్టోరియా రాణి తల ఉన్నదైనా, ఐదవ జార్జి తల ఉన్నదైనా, కాస్త అరిగినదైనా, పదునుగా ఉన్నదైనా, అమ్మేవాడు ముందు తూకం వేసి ఆ మీద కొంత కలిపి చెబుతాడు. కొనేవాడు చూడవలసింది పెద్దగా ఏమీ మిగలదు. అరుదైన సంవత్సరాలు, అరుదైన టంకశాలలు లేకపోలేదు గానీ, వాటిని వేరు చేసి తెలుసుకునే నేర్పు మొదటి రోజునే ఎవరికీ ఉండదు. పైగా పాత కుటుంబాల నుంచి బయటికి వచ్చే సావరిన్లలో చాలా వాటికి నగగా బతికిన గుర్తులు ఉంటాయి. అంచున వలయం అతికించి, తర్వాత తీసేసి, ఆ టంకం మచ్చను అరగదీసి, మొత్తం నాణెం మీద మెరుగు పెట్టిన జాడ భూతద్దంలో తెలిసిపోతుంది. నగల వ్యాపారి దృష్టిలో దానికి తరుగు లేదు. సేకర్త దృష్టిలో అది దెబ్బతిన్న నాణెం. ఒకే వస్తువును ఇద్దరు ఇంత వేరుగా చూస్తున్నప్పుడు, మొదటిసారి కొనేవాడికి నగల వ్యాపారి దృష్టి అలవడడమే సులువు. నా భయమంతా దాని గురించే.

సావరిన్‌ను గీటురాయి మీద పరీక్షించుకుంటే చాలుననే నమ్మకం కూడా సరైనది కాదు. 1950ల నాటికి చాలా దేశాల బజార్లలో సావరిన్ ధర అందులోని బంగారం విలువ కంటే పైన పలుకుతూ ఉండేది. ఆ తేడాను సొమ్ము చేసుకోవడానికి బీరూట్, మిలాన్ వంటి చోట్ల సరైన నాణ్యత గల బంగారంతోనే దొంగ సావరిన్లు ముద్రించారు. గీటురాయి వాటిని అసలైనవనే చెబుతుంది, ఎందుకంటే దానికి తెలిసింది బంగారం మాత్రమే. నాణెం అసలుదా కాదా అన్నది అచ్చు చెప్పాలి, అంచు చెప్పాలి, అక్షరాల మలుపులు చెప్పాలి.

ఇక రాయలవారి వరహా. ఇక్కడ నా వాదనకు ఎదురు చెప్పేది ఎవరో కాదు, నా మనసే. కృష్ణదేవరాయలు (1509–1529) వేయించిన వరహా సుమారు 3.4 గ్రాములు, అరవరహా అందులో సగం. ఒక వైపు కూర్చున్న బాలకృష్ణుడు, మరో వైపు మూడు వరుసల్లో నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ" అనే అక్షరాలు. గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్ళి ప్రత్యేకంగా గుడి కట్టించాడు. నాణెం మీది బాలకృష్ణుడికీ ఆ విజయానికీ సంబంధం ఉందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. ఆ విగ్రహం నేడు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నెల్లూరు జిల్లావాడికి ఉదయగిరి పక్క ఊరు కిందే లెక్క గనుక, అక్కడి దేవుడు హంపీ మీదుగా ఎగ్మూరు చేరడం, అదే దేవుడి రూపం నాణెం మీద ఉండడం చూసినప్పుడు నాలో కలిగే మమకారం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

మొదటి కొనుగోలుకు ఆ మమకారమే అడ్డు. రాయలవారి పేరు వినబడగానే మన తెలుగువారికి బేరమాడే ఓపిక సన్నగిల్లుతుంది. ఈ సంగతి అమ్మేవారికీ తెలుసు, నకిలీలు తయారు చేసేవారికి ఇంకా బాగా తెలుసు. గిరాకీ ఉన్న చోటే నకిలీ పుడుతుంది. దక్షిణ దేశపు బంగారు నాణేల్లో రాయల వరహాకున్నంత గిరాకీ ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నకిలీలు కాకుండానే మరో చిక్కు ఉంది. ఆ నమూనా ఎంతగా చలామణీ అయిందంటే చిత్రదుర్గం పాలెగాళ్ళు తర్వాతి కాలంలో దాన్ని అనుకరించి తమ నాణేలు వేయించుకున్నారని నాణేల శాస్త్రజ్ఞులు చెబుతారు. అవి కూడా పాతవే, బంగారంవే, కానీ రాయలవి కావు. బొమ్మ పనితనంలో, అక్షరాల పొందికలో ఉండే తేడాను పట్టుకోవాలంటే ఎన్నో అసలు నాణేలను చేతిలోకి తీసుకుని చూసి ఉండాలి. రాయల వరహాలను డజను లెక్కన బల్ల మీద పరిచి, తీరిగ్గా ఎంచుకోండని చెప్పే వ్యాపారి మాత్రం నాకు తటస్థపడలేదు. ఒకటి చూపిస్తారు, రెండు చూపిస్తారు, ఇంకొకరు అడుగుతున్నారని చెబుతారు. పోల్చుకునే వీలు లేని చోట చదువు ఎలా వస్తుంది? రాయల వరహాను మూడో నాణెంగానో నాలుగో నాణెంగానో కొనేవారి చేతికి మంచి నాణెం దక్కే అవకాశం ఎక్కువ.

తక్కువ డబ్బుతో ముచ్చట తీర్చుకోవచ్చని పణాలనే చిట్టి బంగారు నాణేలు కొనమనేవారు కూడా ఉన్నారు. మైసూరు కంఠీరవ పణాలు, మలబారు వీరరాయ పణాలు బజారులో బాగానే దొరుకుతాయి. ఒక్కొక్కటి గ్రాములో మూడో వంతు ఉంటుంది. అంత చిన్న లోహపు రేకు మీద మన పరీక్షలేవీ పనిచేయవు కనుక వీటిని పక్కన పెడుతున్నాను. ఎందుకు పనిచేయవో కింద తూకం సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది.

స్టార్ పగోడా పుట్టుక చెన్నపట్నం పుట్టుకతోనే ముడిపడి ఉంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి కోట కట్టుకోవడానికి ఇచ్చిన కౌలులో నాణేలు ముద్రించుకునే హక్కు కూడా ఉంది. ఆయన విజయనగరాన్ని ఏలిన అరవీటి రాజుల కింద నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే ఈ పట్నానికి వచ్చింది. కోట అయితే కట్టుకున్నారు గానీ, అందులో ముద్రించే నాణెం బయట చెల్లాలంటే బజారు ఒప్పుకోవాలి. ఈ తీరంలో ఆనాటి బజారుకు తెలిసిన బంగారు నాణెం దేవుడి బొమ్మ ఉన్న వరహాయే. అరవీటి వెంకటపతి రాయలు తోరణం కింద నిలుచున్న వేంకటేశ్వరుడితో వరహాలు వేయించాడు. కంపెనీ తొలి వరహాల మీద దేవేరులిద్దరితో కూడిన స్వామి ఉంటాడు. వాటిని మూడు స్వాముల వరహాలంటారు. కంపెనీ సరుకుకు మదుపు సమకూర్చిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులకు ఇంగ్లండు రాజు తల ఉన్న నాణెం చూపించి బట్టల బేళ్ళు కొనడం కుదిరే పని కాదు. ఇందులో ఒక వింత ఉంది. లండన్ సావరిన్ మీద సెయింట్ జార్జి ఉంటాడు. ఆ జార్జి పేరు పెట్టుకున్న కోటలో తయారైన నాణెం మీద మాత్రం విష్ణుమూర్తి ఉన్నాడు.

సుమారు 1740 నుంచి 1807 వరకు వచ్చిన రూపాన్నే స్టార్ పగోడా అంటున్నాము. ఒక వైపు విష్ణువు, రెండో వైపు రేణువులు పోసినట్టున్న నేల మీద ఒక నక్షత్రం. పాత లెక్కల్లో దీని బరువు 52.56 గ్రెయిన్లు, అంటే 3.4 గ్రాముల పైచిలుకు. విజయనగర వరహా బరువే ఇంచుమించుగా కొనసాగిందన్నమాట. మదరాసు లెక్కలో 80 కాసులు (ఇక్కడ కాసు అంటే చిన్న రాగి నాణెం) ఒక పణం, 42 పణాలు ఒక వరహా. 1818లో వెండి రూపాయి మదరాసు ప్రెసిడెన్సీ ప్రామాణిక నాణెం అయినప్పుడు వంద స్టార్ పగోడాలకు 350 రూపాయల చొప్పున మారకం కట్టారు. నాణెం పెద్దదేమీ కాదు, చిటికెన వేలి గోరంత ఉంటుంది, కానీ మందంగా ఉంటుంది. విష్ణువు బొమ్మ చాలా వాటిలో సగమే పడుతుంది. కొన్నిటిలో ఎవరో చెబితే తప్ప అది బొమ్మ అని తెలియదు. జార్జిటౌన్‌లోని తంగసాలై వీధికి ఆ పేరు తెచ్చిపెట్టిన టంకశాల 1840లలో అక్కడికి చేరింది గనుక, ఆ వీధిని చూపించి స్టార్ పగోడాలు ఇక్కడే పుట్టాయని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు.

ఇప్పుడు నాకు కావలసిన గుణాలకు వస్తాను. దశాబ్దాల పాటు విరివిగా ముద్రించిన నాణెం కనుక స్టార్ పగోడా నేటికీ మరీ అరుదు కాదు. నాణేల ప్రదర్శనల్లో ఒకే వ్యాపారి దగ్గర ఐదారు కనిపించడం మామూలే. వేలం సంస్థలు వేలానికి ముందు నాణేలను చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఇస్తాయి, అక్కడ ఇంకా ఎక్కువ చూడవచ్చు. నేను కొనకముందు చాలాకాలం చేసిన పని చూడడమే. షావుకారుపేటలో ఒక పెద్దాయన, నాణేల వ్యాపారంలో తలపండిన మార్వాడీ, నేను కొనను అని తెలిసి కూడా పళ్ళెం ముందుకు తోసి, "చూడండి సార్, చూస్తే ఏమీ అరిగిపోవు" అనేవారు. అలా చూడగా చూడగా తెలిసిన సంగతులు చెబుతాను. అచ్చు వేసిన నాణెంలో రేణువులు ఒక్కొక్కటీ విడివిడిగా, అడుగున పదునుగా నేలను అంటుకుని ఉంటాయి. పోత పోసిన నకిలీలో అవి మెత్తబడి ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి, మధ్యన సూదిమొనంత గాలి గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ సన్నని గీత ఏదైనా ఉంటే అది రెండు అచ్చు పెంకులు కలిసిన చోటని అనుమానించాలి. చేత్తో అచ్చు వేసిన నాణేల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదానిలో నక్షత్రం పక్కకు జరుగుతుంది, ఇంకొకదానిలో బొమ్మ పైకి పోతుంది. ఒకే వ్యాపారి దగ్గర రెండు నాణేల్లో నక్షత్రం ఒకే చోట, గీత ఒకే చోట, నొక్కు కూడా ఒకే చోట ఉంటే రెండింటినీ వెనక్కి ఇచ్చేయడం ఉత్తమం.

తూకం, సాంద్రత పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. నాణేన్ని గాలిలో తూచి, తర్వాత సన్నని దారంతో నీటిలో వేలాడదీసి తూచి, తగ్గిన బరువుతో మొదటి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమి బంగారానికి అది 19.3, రాగి కలిసిన 22 క్యారెట్ల బంగారానికి 17.6 ప్రాంతం. స్టార్ పగోడా నాణ్యత పాత లెక్కల ప్రకారం 19.2 క్యారెట్లు, అంటే నూటికి ఎనభై పాళ్ళు బంగారం. మిగిలిన ఇరవై పాళ్ళు పూర్తిగా రాగి అయితే సాంద్రత 15.7 దగ్గర, పూర్తిగా వెండి అయితే 16.5 దగ్గర ఉండాలి. నిజమైన నాణెం ఈ రెండింటి నడుమ ఎక్కడో తేలుతుంది. అయితే 3.4 గ్రాముల నాణెం నీటిలో కోల్పోయే బరువు 0.21 గ్రాము మాత్రమే. గ్రాములో నూరో వంతు వరకే చూపే సాధారణ త్రాసు మీద ఒక్క అంకె అటూ ఇటూ అయితే జవాబు 15.5 నుంచి 17 దాకా ఊగుతుంది. కనుక మిల్లీగ్రాములు చూపే త్రాసు తప్పనిసరి. పణం విషయంలో నీటిలో తగ్గేది 0.02 గ్రాము గనుక మిల్లీగ్రాము త్రాసు మీద కూడా నమ్మదగిన జవాబు రావడం కష్టం. పణాలను పక్కన పెట్టడానికి కారణం ఇదే.

ఈ 19.2 క్యారెట్ల సంగతి దగ్గర మా ఇంట్లో చిన్న వాగ్వాదం జరిగింది. మా బావ నెల్లూరులో నగల పని చేయిస్తాడు, బంగారం మీద అతని మాటకు బంధువుల్లో తిరుగులేదు. నాణేన్ని అతని చేతిలో పెట్టగానే ఒక్క చూపు చూసి, "ఏం బావా, ఇది ఇరవై రెండు కూడా లేదు. కల్తీ బంగారానికి ఇంత పోశావా?" అన్నాడు. బంగారం రంగును బట్టి కంటితోనే అంత దగ్గరగా చెప్పగలిగిన అతని నేర్పుకు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. కానీ అతను తీసిన అర్థం తలకిందులు. ఆ నాణెం 22 క్యారెట్లు తేలి ఉంటే నేను దాన్ని కొని ఉండేవాణ్ణే కాదు. కంపెనీ టంకశాల ఏ పాళ్ళలో కలిపిందో తెలియని నకిలీకారుడు, తన దగ్గరున్న నగల బంగారంతోనే అచ్చు వేస్తాడు. కొనేవాడికి మంచి బంగారం చూపించి నమ్మించడం వాడికి సులువు. తక్కువ నాణ్యత ఇక్కడ అసలు నాణేనికి ఒక సాక్ష్యం. అది విని బావ, "అయితే నీకు బంగారం అక్కర్లేదన్నమాట" అన్నాడు. దాదాపుగా అంతే. ఈ నాణెంలో మేలిమి 2.72 గ్రాములు. నేను చెల్లించిన దానిలో ఆ బంగారం విలువ ఒక భాగం. మిగిలినదంతా ఆ అచ్చుకు, ఆ కాలానికి, ఈ ఊరికి చెల్లించాను. ఆ మిగిలిన భాగం ఎంత ఉండాలో నాలుగు నాణేలు పోల్చి నిర్ణయించుకోవడమే సేకర్త పని. సావరిన్ కొన్నవాడికి ఆ పని నేర్చుకునే అవసరం రాదు, రాయల వరహా కొన్నవాడికి నేర్చుకునే వ్యవధి ఉండదు.

కంపెనీ నాణేన్ని ముందు నిలబెట్టడం మీద ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయలేను. ఈ దేశపు సొమ్మును ఓడలకెత్తిన కంపెనీ ముద్రించిన నాణెం తెలుగువాడి మొదటి బంగారు నాణెం కావాలా అని ఒక మిత్రుడు కాస్త కోపంగానే అడిగారు. కంపెనీ చరిత్ర మీద ఆయన కోపంతో నాకు భేదం లేదు. అయితే ఈ నాణెం రూపాన్ని కంపెనీ కనిపెట్టలేదు. దాని బరువు విజయనగరానిది, దేవుడు తిరుమల వైపువాడు, ముద్రించుకునే హక్కు ఒక తెలుగు నాయకుడి కౌలు నుంచి వచ్చింది. ఇంత దూరం నుంచి వచ్చి కోట కట్టుకున్నవారు కూడా ఇక్కడి వర్తకుల అలవాటుకు తలవంచక తప్పలేదన్న సంగతికి ఈ అందవికారమైన లోహపు ముక్క కంటే గట్టి ఆధారం నాకు కనిపించలేదు. యంత్రాలు వచ్చాక కూడా ఆ అలవాటు వెంటనే పోలేదు. 1808 తర్వాత మదరాసులో యంత్రం మీద ముద్రించిన రెండు వరహాల బంగారు నాణెం మీద ఒక పక్క గోపురం, మరో పక్క విష్ణువు ఉంటాయి. నాణెం విలువను ఇంగ్లీషు, పారసీ, తమిళ, తెలుగు లిపుల్లో చెక్కారు. తెలుగు అక్షరాలున్న ఆ నాణేన్ని మొదటిదిగా కొనవచ్చు కదా అని అడిగితే, ధర గురించి అడగవద్దని మాత్రం చెప్పగలను.

గాజు పెట్టెలాంటి ప్లాస్టిక్ కవచంలో మూసి, ఒకటి నుంచి డెబ్భై వరకు ఉన్న కొలమానం మీద అంకె వేసి ఇచ్చే అమెరికా సంస్థల నాణేల గురించి కూడా ఒక మాట. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ మొదలై ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి. అసలైనదన్న హామీ కోసం వాటిని ఆశ్రయించడంలో తప్పు లేదు. కానీ అందులో ఉన్న నాణేన్ని తూచలేము, నీటిలో ముంచలేము, అంచు పూర్తిగా చూడలేము. మొదటి నాణేన్ని అలా కొంటే చదువు మానేసి ధృవపత్రం మాత్రం కొన్నట్టు అవుతుంది. చేత్తో అచ్చు వేసిన నాణేనికి ఆ అంకె చెప్పేది కూడా తక్కువే. బొమ్మ సగమే పడిన నాణెం ఏ అరుగుదలా లేకుండా ఉండవచ్చు, అరిగిన నాణెం మీద బొమ్మ పూర్తిగా పడి ఉండవచ్చు. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను.

చట్టం సంగతి తెలియకుండా ఈ రంగంలోకి దిగకూడదు. 1972 నాటి పురావస్తువులు, కళా సంపదల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దేశం లోపల దాన్ని కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, కానీ పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించడం కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారం ఇచ్చిన సంస్థకూ తప్ప ఎవరికీ వీలు కాదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. మన కుటుంబాల్లో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. అమెరికాలో పుట్టిన మనవడికి కానుకగా పాత వరహా పట్టుకెళదామన్న ఆలోచన మా పిన్నమ్మకు వచ్చింది, దాన్ని మాన్పించడానికి నాకు చాలా ఓపిక పట్టింది. సావరిన్ల విషయంలో కూడా ఈ నూరేళ్ళ గీత వర్తిస్తుంది. 1918 నాటి బొంబాయి సావరిన్ ఇప్పటికే ఆ గీత దాటింది.

పొలంలో దొరికాయనీ, పాత ఇల్లు కూలుస్తుంటే బయటపడ్డాయనీ చెప్పి ఫోనులో ఫొటోలు చూపించేవారి దగ్గర కొనకూడదని వేరే చెప్పాలా? అవి చాలావరకు నకిలీలు. నిజమే అయితే మరింత చిక్కు, ఎందుకంటే భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. చట్టం అలా ఉంచి, విడిపోయిన నిధి చరిత్రకు పనికిరాదు. 2020 ఫిబ్రవరిలో తిరుచ్చి దగ్గర తిరువానైక్కావల్ జంబుకేశ్వరాలయంలో తవ్వుతుండగా ఒక పాత్రలో 505 బంగారు నాణేలు దొరికాయి. మొత్తం బరువు 1.716 కిలోలు అని పత్రికల్లో వచ్చింది. భాగించి చూస్తే సగటున ఒక్కొక్కటి 3.4 గ్రాములు, అంటే వరహా తూకం. నాణేలన్నీ ఒక చోట ఉన్నందుకే ఇంత చిన్న లెక్క కూడా మనకు సాధ్యమైంది. అవే నాణేలు రాత్రికి రాత్రి యాభై మంది జేబుల్లోకి చేరి ఉంటే ఎవరు దాచారో, ఏ కాలంలో దాచారో ఆలోచించడానికి ఆధారమే మిగిలేది కాదు.

కొనేటప్పుడు బిల్లు తీసుకోవాలి; అందులో నాణెం పేరు, బరువు, వీలైతే ఫొటో ఉండాలి. "బిల్లు లేకపోతే తగ్గిస్తాను" అనేవారికి నమస్కారం పెట్టి రావడమే మంచిది. రెండు లక్షలు, ఆ పైన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది గనుక ఖరీదైన నాణేలకు బ్యాంకు ద్వారానే చెల్లింపు జరగాలి. వేలంలో కొంటే సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు రుసుము, పన్ను కలుస్తాయి. పాట పాడేటప్పుడే ఆ లెక్క వేసుకోవాలి. ఇంటికి తెచ్చాక చింతపండుతోనో, పళ్ళపొడితోనో తోమే ప్రయత్నం ఎవరూ చేయకుండా చూసుకోవాలి. మా ఇంట్లో ఈ విషయమై స్పష్టమైన ఒప్పందం కుదిరింది.

అమ్మవలసి వస్తే ఏమిటన్న ప్రశ్న మిగిలింది. సావరిన్ ఏ నగల దుకాణంలోనైనా పావుగంటలో డబ్బుగా మారుతుంది, స్టార్ పగోడా మారదు. దాన్ని తెలిసిన వ్యాపారికే చూపించాలి, లేదా వేలానికి ఇచ్చి నెలల తరబడి వేచి ఉండాలి. నగల దుకాణంలో అడిగితే 19.2 క్యారెట్ల 3.4 గ్రాములకు ఎంత వస్తుందో అంతే ఇస్తారు. అవసరానికి అమ్ముకోవాలని బంగారం కొనేవారు సావరిన్ కొనుక్కోవడమే సబబు, అందుకు ఈ వ్యాసం చదవవలసిన అవసరం కూడా లేదు. నేను స్టార్ పగోడా కొన్న తర్వాత చేసిన మొదటి పని, అదే వ్యాపారి దగ్గరికి వెళ్ళి విజయనగర అరవరహాల పళ్ళెం చూపించమని అడగడం. అందులో విజయనగర రాజులు హరిహర రాయలు, దేవరాయలు వేయించినవి ఉన్నాయి. ఉమామహేశ్వరులు కూర్చున్న ఒక దేవరాయల అరవరహా బాగానే ఉంది, కానీ అంచున టంకం మచ్చ అరగదీసిన జాడ ఉంది. ఆయన చెప్పిన ధర మచ్చలేని నాణేనికి చెప్పవలసినది. తిరిగి ఇచ్చి వచ్చాను.